పొలిమేర మూసిన పూట

రోహిణి తన పగకు మంచిరోజు చూసుకున్న దగ్గర కిందటి వారం ఆగాం. ఆ మంచిరోజు ఇవాళే.

నడుమ వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. రాయదుర్గం మెట్రో దిగి, అద్దాల బిల్డింగుల వెనక సందులోకి మళ్ళితే రాళ్ళబండ అనే ఊరు ఉంది. ఊరంటే ఇప్పుడు మిగిలింది కొన్ని గల్లీలు, ఒక బురుజు, ఒక మెట్లబావి, నడిబొడ్డున ఊరి దేవతగా మొక్కే బొడ్రాయి. ఒకప్పుడు ఊరి ముందర రాతి కమాను ఉండేది. దానికి ఇనుప మేకులు దిగేసిన జంట తలుపులు. పొద్దున తెరిచి రాత్రి మూయడం రోహిణి తండ్రి వీరేశం ఇంటివాళ్ళ వంతు. తాతల కాలం నుంచీ అంతే. పదేళ్ళ కిందట ఊరు ఊరంతా జాతరకు పోయిన పూట బుల్డోజర్ వచ్చి కమానును నేలమట్టం చేసింది. తలుపులు మాయమయ్యాయి. తలుపులు అమ్ముకుని వీరేశమే దారి ఇచ్చాడని ఊరు నమ్మింది. అలా నమ్మించినవాడు శివశంకర్. వీరేశానికి స్వయానా చిన్నమ్మ కొడుకు. కమాను పోయాక పడ్డ వెడల్పు రోడ్డు మీదే ఈయన రియల్ ఎస్టేటు దౌడు తీసింది. వీరేశం మాత్రం తలవంచుకుని ఊరు విడిచి, బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. రోహిణికి అన్నిటికంటే ఎక్కువ మండేది ఆ మౌనం చూసే.

ఆ తలుపులు మొన్నీమధ్య ఆమెకు కనబడ్డాయి. నార్సింగిలో శివశంకర్ కట్టిన విల్లాల క్లబ్‌హౌస్‌లో, గోడకు సోకుగా ఆనించి, పైన పసుపు లైట్లు వేసి పెట్టారు. అక్కడే కేకలు పెట్టి ఉంటే ఈ కథ అప్పుడే అయిపోయేది. రోహిణి కేకలు పెట్టలేదు. తిన్నగా ఊరికి వచ్చి, బొడ్రాయి పండగ మాటలు జరుగుతుంటే పెద్దల ముందు నిలబడి, "మా ఇంటి మొదటి బిందె వంతు శివ కాకకు ఇస్తున్న" అంది. ఊరు నోరు తెరిచింది. శివశంకర్ ఆమె తల నిమిరి, "పిల్లకు బుద్ధొచ్చింది" అన్నాడు.

బొడ్రాయి మీద మొదటి బిందె నీళ్ళు పోసినవాడి మాటకు ఆ ఊళ్ళో ఎదురుండదు. బురుజు కింది జాగా తన కొత్త టవర్లకు కావాలని శివశంకర్ ఎన్నాళ్ళుగానో ఊరి చుట్టూ తిరుగుతున్నాడు. అందుకే ఆ బిందె అంటే అంత మోజు. బిందెతో పాటు ఒక ఒట్టు కూడా ఉంటుందని ఆయనకు తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాడు. పాపం, తలుపుల సంగతి రోహిణికి తెలిసిందని తెలియదు.

ఆదివారం పొద్దున రోహిణి ఎప్పటిలాగే తన హెరిటేజ్ వాక్ మొదలుపెట్టింది. ఆమె ఆర్కిటెక్టు. పాత కట్టడాలు చూపించడం ఆమెకు ఆదివారం పని. వెంట ఐటీ కంపెనీల జనం కొంతమంది, వాళ్ళలో పెద్దాయన వెంకటరామయ్య ఒకరు. భీమవరం వైపు మనిషి, ఇంజనీరుగా రిటైరై మాదాపూర్‌లో స్థిరపడ్డారు. ముఖ్య అతిథిగా తెల్ల లాల్చీలో శివశంకర్. ముఖ్య అతిథిగా పిలిస్తే రాని మనిషి కాదాయన.

బురుజు ముందు నిలబడి రోహిణి చెప్పింది. "కింద సగం రాయి. పైన సగం మట్టి. పైపూత డంగు సున్నం. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసి, ఎద్దుల్ని కట్టి గానుగలో రుబ్బేవాళ్ళు. ఆ కంతలు తుపాకులకు. దండు వస్తే పేల్చడానికి."

ఆ కంతలు ఇప్పుడు సూటిగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్ వైపు గురిపెట్టి ఉన్నాయి. అది చూసి కుర్రకారు నవ్వుకుంది. వెంకటరామయ్య గోడకు చెయ్యి ఆనించి, కాసేపు తట్టి చూశారు.

"ఇదేంటండీ, ఈ పక్క పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది? సిమెంటు పూసినట్టున్నారే?"

"మనమే పూపిచ్చినం సార్, మా సొంత ఖర్చుతోని" అన్నాడు శివశంకర్ గర్వంగా.

"అయ్యో, ఎందుకు పూయించారండీ? మట్టిగోడకి ఊపిరాడద్దూ? లోపల చెమ్మంతా బిగిసిపోయి, పై ఏటికి గోడ గోడంతా కూలుద్ది."

శివశంకర్ నవ్వు కొంచెం తగ్గింది. కూలాలనే పూయించాడని రోహిణికి ఎప్పుడో అనుమానం. కూలితే జాగా ఖాళీ. కానీ ఆమెకు ఈ రోజు పెద్ద లెక్క వేరే ఉంది, చిల్లరకు తొందర పడే పిల్ల కాదు.

అక్కడి నుంచి మెట్లబావి. కోణం తేలిన కమాను గూళ్ళు వరసగా దిగిన అందమైన బావి. దీపాలు పెట్టే చిన్న గూళ్ళల్లో ఇప్పుడు చిప్స్ ప్యాకెట్లు. ఎండాకాలంలో బాటసారులు దిగి పడుకునే చల్లని అర ఒకటి కింద ఉంది. రోహిణి అందరినీ అందులో కూర్చోబెట్టి తీరిగ్గా చెప్పింది. రాతి మీద రాయి సున్నం లేకుండా ఎలా కూర్చోబెట్టారో చూపించింది. ఆమెకు తొందర లేదు. పైన ఊరి మగవాళ్ళు వేపమండలు కట్టిన తాళ్ళు పట్టుకుని పొలిమేర వైపు పోతున్నారు. డప్పుల చప్పుడు దూరం జరిగింది. శివశంకర్‌కు ఫోన్లు వస్తున్నాయి. మాట్లాడుతూనే ఫోటోలకు నిలబడ్డాడు.

మూడో మజిలీ కమాను. అంటే కమాను ఉన్న చోటు. రోడ్డుకు అటొకటి ఇటొకటి రెండు రాతి మొండాలు మిగిలాయి. వాటి మీద ఎవరో పీజీ హాస్టల్ పోస్టర్లు అంటించారు.

"ఇక్కడ మా ఊరి దర్వాజా ఉండేది" అంది రోహిణి. "రెండు నిలువుల ఎత్తు. టేకు తలుపులు. ఏనుగు వచ్చి కుమ్మకుండా మేకులు. రాత్రి పెద్ద తలుపులు మూశాక ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం అందులోనే చిన్న దిడ్డి తలుపు. ఎంత పెద్ద దొరైనా అందులోంచి తల వంచుకునే రావాలి."

వెంకటరామయ్య చుట్టూ చూశారు. "కమాను కూలిందంటే సరే. మరి తలుపులు ఏమైనట్టండీ? టేకు తలుపులు ఊరికే పోవుగా?"

రోహిణి శివశంకర్ వైపు తిరిగింది. "కాకకు ఎరుక. కాక, సార్‌కు జర చెప్పు."

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో ఆయన ఆమె కళ్ళలోకి చూసి విషయం పసిగట్టాడు. రోహిణి ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది ఆ చూపు కోసమే. కడుపు చల్లబడినట్టైంది, దాచడం ఎందుకు.

"దొంగలెత్తుకపోయిండ్రు సార్" అన్నాడు శివశంకర్. వెంటనే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. "ఆ, ఆ, వస్తున్న. రోహిణీ, నాకు అర్జెంటు పని పడ్డది బిడ్డా. బిందె సంగతి ఇంకెవలన్న చూస్తరు."

కారు రోడ్డు మీదే ఉంది. కానీ కారుకూ ఆయనకూ నడుమ, ఆ రెండు రాతి మొండాల మీదుగా, వేపమండల తాడు కట్టేసి ఉంది. దాని మీద చల్లిన పసుపన్నం ఇంకా తడిగానే ఉంది. పొలిమేర మూసేశారు.

బొడ్రాయి పండగలో ఒకసారి పొలిమేర కట్టారంటే పొద్దు కుంకేదాకా లోపలివాళ్ళు బయటికి పోరు, బయటివాళ్ళు లోపలికి రారు. గీత దాటినవాడి వెంట ఊరి కీడంతా పోతుందని వాళ్ళ నమ్మకం. వాక్‌కు వచ్చినవాళ్ళకు రోహిణి ముందే చెప్పింది, సాయంత్రం దాకా ఉండేవాళ్ళే రండి, భోజనం ఊళ్ళోనే అని. బయటివాళ్ళకు ఆ తాడు ఒక తాడు. వెంకటరామయ్య గారికి నిజంగా పని పడి ఉంటే వంగి దాటిపోయేవారు, ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. శివశంకర్ ఈ ఊరివాడు. తాడు దగ్గరికి పోయాడు, వంగబోయాడు, ఆగిపోయాడు. తాడు పక్కన కాపలా ఉన్న కుమార్ అనే కుర్రాడు మర్యాదగానే అన్నాడు.

"కాక, కట్టు పడ్డది. నిన్న మైకుల నువ్వే జెప్పినవు గద, ఎంతటోడైనా సరే దాటొద్దని."

రోహిణి ఊహించింది సరిగ్గా ఇదే. పెద్దరికం కావాలంటే ఊరివాడుగా ఉండాలి. ఊరివాడుగా ఉండాలంటే తాడు దాటకూడదు. ఆయన గొంతుకు ఉచ్చు ఆయనే బిగించుకున్నాడు, ఆమె చెయ్యి అందించిందంతే.

బొడ్రాయి చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపాకు కట్టిన చిన్న రాయి. చుట్టూ నాలుగంతస్తుల కిరాయి ఇళ్ళు, బాల్కనీల నుంచి ఫోన్లు పట్టుకుని చూస్తున్న ఐటీ పిల్లలు. బొడ్రాయి పక్కన పీట మీద రుక్కమ్మ కూర్చుని ఉంది. శివశంకర్ తల్లి ఆమె. కొడుకు విల్లాలోకి రమ్మన్నా పోలేదు, ఊళ్ళో పాత ఇంట్లోనే దర్జాగా ఉంటుంది. పండగ ఎట్లా జరగాలో చెప్పేది ఆమే. వీరేశానికి చిన్నమ్మ. రోహిణి చిన్నప్పుడు ఆమె ఒళ్ళోనే పెరిగింది. ఊరంతా మొహం తిప్పుకున్నప్పుడు ఆ పిల్లకు ఇంత అన్నం పెట్టిన ఇల్లు కూడా అదే.

రాగి బిందె నింపి తెచ్చారు. శివశంకర్ లాల్చీ చేతులు మడిచాడు. రుక్కమ్మ కొడుకు మొహం వైపు చూడకుండానే అంది.

"ముందు ఒట్టు. చెయ్యి రాయి మీద పెట్టి చెప్పు. ఊరి రాయి, ఊరి చెట్టు, ఊరి చెక్క నా తాన లేవు. ఉంటే నా వంశం నిలువదు. అను."

డప్పులు ఆగాయి. శివశంకర్ చెయ్యి రాయి మీద పెట్టాడు. పెదవులు తడుపుకున్నాడు. చుట్టూ ఉన్న జనంలో రోహిణిని వెతికాడు. ఆమె ఎదురుగానే నిలబడింది, చేతులు కట్టుకుని. ఒప్పుకుంటే ఊరు పోతుంది, ఒట్టు పెడితే ఏమవుతుందో ఇప్పటికిప్పుడు తెలియదు. ఇలాంటి చోట శివశంకర్ లాంటివాళ్ళు ఎప్పుడూ రెండోదే పట్టుకుంటారు. పైగా విల్లాలు అమ్మేశాక క్లబ్‌హౌస్ తనది కాదు గదా అని మనసులో ఒక సందు వెతుక్కుని ఉంటాడు.

"ఊరి రాయి, ఊరి చెట్టు, ఊరి చెక్క నా తాన లేవు" అన్నాడు. "ఉంటే నా వంశం నిలువదు."

రుక్కమ్మ కళ్ళు మూసుకుంది.

రోహిణి ఫోన్ తీసి ఒకే ఒక్క మాట చెప్పింది. "రా."

కమాను వైపు నుంచి హారన్ వినబడింది. జనం తిరిగి చూశారు. తాడుకు అవతల లారీ బండి ఆగి ఉంది. ముందు సీటు నుంచి సంయుక్త దిగింది. నార్సింగి విల్లాల్లో ఉంటుంది, అక్కడి అసోసియేషన్ సెక్రటరీ. రోహిణిని ఆ క్లబ్‌హౌస్‌కు భోజనానికి పిలిచి తెలియకుండానే ఈ మంట రాజేసింది ఆమే. సంగతి తెలిశాక విల్లాల వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒప్పించి తలుపులు విప్పించింది కూడా ఆమే.

"రాళ్ళబండ పెద్దలకు నమస్కారమండీ" అంది సంయుక్త తాడు అవతల నుంచే. "మా క్లబ్‌హౌస్‌లో మీ ఊరి తలుపులున్నాయి. శివశంకర్ గారు మాకు డెకరేషన్ అని పెట్టించారు. మాకు తెలీక పెట్టుకున్నాం. మీవి మీకిచ్చెయ్యడానికి తెచ్చామండీ."

టార్పాలిన్ లాగారు.

అరుపులు వస్తాయని రోహిణి అనుకుంది. ఒక్క అరుపూ రాలేదు. ముందు ముసలివాళ్ళు కదిలారు. తాడు దాకా పోయి నిలబడ్డారు. ఒకాయన ఆ ఇనుప మేకుల వైపు చూస్తూ, "దిడ్డికి మా తాత ఏసిన పట్టీ గదే" అన్నాడు. ఇంకొకామె చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరే శివశంకర్ వైపు తిరిగారు. ఆయన చెయ్యి ఇంకా బొడ్రాయి మీదే ఉంది. తీయడం మరిచిపోయినట్టున్నాడు.

రోహిణికి ఆ దృశ్యం ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. తన తండ్రిని ఇదే చోట, ఇదే రాయి ముందు నిలబెట్టి దొంగ అన్నారు. అప్పుడు తను ఇంటర్ చదువుతోంది. తండ్రి చొక్కా పట్టుకుని గుంజినవాళ్ళలో సగం మంది ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, వాళ్ళ తలలు కూడా దిగాయి. చూడండి, బాగా చూడండి అనుకుంది. జాలి ఏ మూలా లేదు.

"ఇగ లోపలికి తెమ్మందామా?" అన్నాడెవరో.

"ఎట్ల తెస్తరు? పొలిమేర కట్టినంక బయటిది లోపలికి రావద్దు గద" అన్నాడు ఇంకొకడు. జనం రుక్కమ్మ వైపు చూశారు.

రుక్కమ్మ పీట మీద నుంచి లేచింది. కొడుకు పక్క నుంచే నడిచింది, ఆయన మొహం చూడలేదు. కమాను మొండాల దాకా వచ్చి నిలబడింది.

"అది బయటిది కాదు" అంది. "ఊరిదే. ఇంతదనుక ఊరి బయట ఉన్నదంతే. తాడు ఎత్తుండ్రి, రానియ్యుండ్రి."

తాడు పైకెత్తారు. మగవాళ్ళు భుజాలు పట్టి తలుపులు దించారు. ఒక్కో తలుపుకు ఎంతమంది పట్టినా చాలలేదు. వాటిని మోసుకుని ఊళ్ళోకి వస్తుంటే ఆడవాళ్ళు ఎదురొచ్చి వాటి ముందు నీళ్ళు వారపోశారు.

బండి వెనక నుంచి అప్పుడు దిగాడు వీరేశం. ఖాకీ చొక్కా, చేతిలో టిఫిన్ సంచి. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చేశాడు. ఆయన్ని తీసుకురమ్మని సంయుక్తకు చెప్పింది రోహిణే. తలుపులు ఊళ్ళోకి వచ్చేటప్పుడు తండ్రి కూడా వాటి వెంట రావాలి, ఊరు కళ్ళారా చూడాలి. ఆమె పగలో ఆఖరి మెట్టు అది.

"రా బాపూ" అంది రోహిణి తాడు దగ్గరికి వచ్చి, దాన్ని ఎత్తి పట్టుకుని. "ఇగ నిన్ను ఒక్కడు అనేటోడు లేడు. రా."

వీరేశం కదల్లేదు. తలుపుల వైపు చూశాడు. దిడ్డి తలుపు మీద చూపు ఆగింది. తర్వాత తలదించుకున్నాడు.

"వద్దు బిడ్డా. నేను రాను."

"అవ్వనే రమ్మంటది. అవ్వా, నువ్వు చెప్పు."

రుక్కమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

అప్పుడు వెనక నుంచి శివశంకర్ గొంతు వినబడింది. బొడ్రాయి దగ్గరి నుంచి నడిచి వచ్చాడు, జనం దారి ఇచ్చారు. ఇప్పుడు ఆయన మొహంలో భయం లేదు, కసి ఉంది.

"తలుపు నేను తీస్కపోయిన. దొంగ ఒట్టు గూడ పెట్టిన. ఊరు ఏం జేస్తదో జెయ్యనీ. గని రోహిణీ, ఆ పొద్దు తలుపులకు లోపల దిక్కు అడ్డగడియ పెట్టి ఉండె. బయట బుల్డోజర్, నేను. లోపల మీ నాయన ఒక్కడు. గడియ ఎవలు తీసిండ్రో అడుగు. నన్ను గాదు. మీ నాయననడుగు."

రోహిణి నవ్వింది. వీడికి ఇంకా బుకాయింపులు పోలేదు అనుకుంది. తండ్రి వైపు తిరిగింది, ఇప్పుడన్నా వీడి మొహాన ఒక్క మాట కొట్టమని.

"బాపూ, చెప్పు. అబద్ధమని ఒక్క మాట చెప్పు."

వీరేశం టిఫిన్ సంచి కింద పెట్టాడు. చేతులు ఖాళీ చేసుకుని కూడా ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నేనే తీసిన బిడ్డా."

తాడు పట్టుకున్న ఆమె చెయ్యి కిందికి దిగింది. తాడు మళ్ళీ ఇద్దరి నడుమకూ వచ్చింది.

"ఎందుకు?" అంది. "పైసలకా?"

"పైసలకైతే బాలానగర్ల గేటు కాడ ఎందుకుంట?" అన్నాడు వీరేశం. మొదటిసారి తల ఎత్తాడు. కూతురి వైపు కాదు, రుక్కమ్మ వైపు చూశాడు. చూసి మళ్ళీ నోరు మూసుకున్నాడు. పదేళ్ళుగా మూసుకున్నట్టే.

రుక్కమ్మ తాడు దాకా నడిచి వచ్చింది. ఎవరూ ఆమెను ఆపలేదు. ఊరందరి ముందు వీరేశం రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంక దాచకు కొడుకా" అంది. తర్వాత రోహిణి వైపు తిరిగింది. "మీ నాయనను ఆ గడియ తియ్యమని కాళ్ళు మొక్కింది నేను బిడ్డా. ఎవలకు చెప్పనని ఒట్టు పెట్టిచ్చుకున్నది గూడ నేనే. నీ పగ నా కొడుకు మీదిది గాదు. నా మీదిది."